కాదు నోనా, లేదు నోనా

మీరా హుస్సేన్ పెట్టెలో పెట్టిన గౌన్లను వజీరాబీ బయటికి తీసింది. ఆయన మళ్ళీ పెట్టాడు. ఆమె మళ్ళీ తీసింది.

ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. కిటికీలోని ఏసీ ఒక్కటే గురగురమంటూ ఆ గదిలో మాట్లాడుతున్న మనిషిలా ఉంది.

చివరికి ఆకుపచ్చ గౌను ఇద్దరి చేతుల్లోనూ చిక్కుకుంది.

"చినిగిపోతాది, వదులు."

"మీరే వదలండి."

ఆయన వదల్లేదు. "రేపు శనివారం బడికి పోయి టీసీ అడుగుతా. వచ్చే వారం మస్తానన్న ఊరికి పోతున్నాడు. పిల్ల ఆయనెంట ప్రొద్దుటూరుకు పోతాది. ఖలాస్."

"తొమ్మిదేండ్ల పిల్ల, తల్లిని వదిలిపెట్టి పోతాదా?"

"వాళ్ళ జేజి ఉంది. తెలుగు బడి ఉంది. తన ఈడు పిల్లలతో నాలుగో క్లాసులో కూచుంటాది. ఈడనే ఉంటే రెండో క్లాసులో పసిపిల్లల పక్కన, మోకాళ్ళు బెంచీకి తగలతా కూచోవాల. నువ్వు చూడగలవా? నేను చూడలేను."

ఇంగ్లీషు రాకుండా ఇండియా నుంచి వచ్చిన పిల్లల కోసం బడివాళ్ళు నడుపుతున్న స్పెషల్ క్లాసును మూసేయాలని, బడి తనిఖీకి వచ్చిన మిసెస్ వెబ్ అనే దొరసాని రిపోర్టు రాసింది. అందులోని పిల్లలందరినీ రెండేసి క్లాసులు కిందికి దించుతారట. ఆ మాట ప్రిన్సిపాలే తల్లిదండ్రుల మీటింగులో చదివి వినిపించాడు.

"అయినా నాతో ఎందుకు కొట్లాడతావు? దానికి ఒప్పుకున్నది నువ్వే కదా!"

"నేను ఒప్పుకోలేదు."

"తల్లిదండ్రుల తరఫున మాట్లాడిన మిసెస్ హుస్సేన్‌కు ఏ అభ్యంతరమూ లేదని చదివినాడే! నేను ఆడనే ఉంటిని. అందరూ తిరిగి నా మొగమే చూసినారు."

"నేను కాదన్నాను."

"తెలుగులోనా?"

"ఇంగ్లీషులోనే. గట్టిగానే అన్నాను. రెండుసార్లు అన్నాను."

"మరి ఆ దొరసాని చెవిటిదా?"

"అబద్ధం రాసింది."

"ఇంగ్లండు నుంచి విమానమెక్కి వచ్చి, వజీరాబీ మీద అబద్ధం రాసి పోతాదా! నీకు ఆమెకు గట్టు తగాదా ఏమన్నా ఉందా? కడపలో బి.ఏ. చదివినావు. ఒక్క మాట కాదని చెప్పలేకపోయినావు."

గౌను ఆమె చేతిలోనే వదిలేసి, టోపీ తీసుకుని జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగా వేశాడు. కోపం వచ్చినప్పుడు ఆయన తలుపులు మెల్లగానే వేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మెల్లదనాన్ని మంచితనం అనుకుంది ఆమె.

ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య ఉన్న సందులో షహజాదీ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. మీటింగు రోజు నుంచీ అదే ఆ పిల్ల చోటు. మాటలు తగ్గిపోయాయి. తెలుగూ తగ్గింది, ఇంగ్లీషూ తగ్గింది.

రెండేళ్ళ కింద ఈ అబుధాబీకి వచ్చినప్పుడు పిల్లకు ఏబీసీడీలు తప్ప ఏమీ రావు. ఆ సంగతి వజీరాబీకి తెలిసినంతగా ఏ దొరసానికి తెలుస్తుంది? పొద్దున జైబున్నీసా టీచర్ దగ్గర స్పెషల్ క్లాసు, మధ్యాహ్నం పెద్ద క్లాసు. మొదటి ఏడాది రోజూ ఏడుపే. ఆ తర్వాత ఒక రోజు పాలపొడి డబ్బా మీద ఉన్నదంతా చదివి, "మా, నువ్వు నీళ్ళు ఎక్కువ పోస్తున్నావు" అని తప్పు పట్టింది. బఖాలా కొట్టులో మలయాళీ అబ్బాయితో ఇంగ్లీషులో పోట్లాడి పుచ్చిన టమాటాలు మార్చుకొచ్చింది. వజీరాబీ ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. వంటైనా, కుట్టుపనైనా, చదువైనా వంక పెట్టి చూడటం ఆమెకు అలవాటు. అలా చూసి చూసి, ఆ క్లాసు పనికొచ్చేదేనని ఒప్పుకున్న మనిషి. ఇంట్లో ఇంత మాట్లాడే పిల్లకు 'ఏమీ అర్థం కావడం లేదు' అని ఎట్లా రాశారు?

ఆమె ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుంది.

"షాజూ, ఆ రోజు లైబ్రరీలో మిసెస్ వెబ్ నిన్నేమడిగింది?"

"నేను కరెక్టుగానే చెప్పినా."

"చెప్పినావులే. నేనేమీ అనను. ఏమడిగింది?"

"'సో, యు కాంట్ ఫాలో ది బిగ్ క్లాస్?' అనింది. పెద్ద క్లాసులో నీకు అర్థం కాదు కదా అని."

"నువ్వేమన్నావు?"

"నో, మిస్ అన్నా."

వజీరాబీ కళ్ళు మూసుకుంది. "అట్లెందుకన్నావే?"

"ఎందుకంటే అర్థమవుతాది కదమా! ఆమె అర్థం కాదనింది. నేను కాదు, అవుతాదన్నా." పిల్ల గొంతులో చాలా రోజులకు కొంచెం రోషం వినిపించింది. "ఇంకోటి అడిగింది. 'యు ఆర్ నాట్ అఫ్రైడ్ టు స్పీక్?' అని. మాట్లాడాలంటే భయం లేదు కదా అని. యెస్, మిస్ అన్నా."

"అంటే?"

"అవును, భయం లేదు అని."

వజీరాబీ లేచి పెట్టె అంచు మీద కూర్చుంది. పెట్టె కిర్రుమంది.

తను ఆ రోజు చెప్పిన మాట ఇప్పుడు చెవిలో మళ్ళీ వినబడింది. మిసెస్ వెబ్ తల కొంచెం పక్కకు వంచి, "దెన్ యు హావ్ నో అబ్జెక్షన్, మిసెస్ హుస్సేన్?" అంది. అయితే మీకు అభ్యంతరం లేదన్నమాట. వజీరాబీ కుర్చీలో ముందుకు జరిగి, "నో, నో!" అంది. కాదు, కాదు. ఎట్లా లేదు? ఉంది! ఆ మిగిలిన మాటలు ఇంగ్లీషులో కూర్చుకునేలోపల ఆవిడ నవ్వి, థాంక్యూ చెప్పి, లేచి చెయ్యి చాపింది. ఎదురు చెప్పినా ఎంత మర్యాదగా ఉందో అనుకుంటూ వజీరాబీ ఇంటికి వచ్చింది.

మనకు కాదు అని ఒక మాట ఉంది, లేదు అని ఒక మాట ఉంది. వాళ్ళకు రెండిటికీ కలిపి ఒక్క నో. తను కాదని విసిరింది. ఆవిడ లేదని పట్టుకుంది. అభ్యంతరం లేదు. అర్థం కాదు. ఆ క్లాసులో పిల్లలంతా మన దేశపు పిల్లలే, తలా ఒక భాష. ఎవరి భాషలో వాళ్ళు కాదనుకుని, అవుననుకుని, పైకి నో అనీ యెస్ అనీ చెప్పి వచ్చారు. ఆవిడ అన్నీ తిరగేసి రాసుకుంది.

నవ్వొచ్చింది.

"మా, నేను తప్పు చెప్పినానా?"

"తప్పు కాదు బిడ్డా. చూడు, మన నో రెండు రకాలు. ఒకటి కాదు నో. ఇంకోటి లేదు నో. మనం ఎదుటివాళ్ళ మాట తప్పైతే కాదు నో అంటాం. ఆ మిస్‌కు లేదు నో ఒక్కటే తెలుసు."

షహజాదీ రెండు వేళ్ళు ఎత్తి, ఒకటి మడిచింది.

"పాపం" అంది. "అంత పెద్ద మిస్‌కి ఒక్కటేనా!"

జైబున్నీసా టీచర్ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. వెనక వీధిలోనే ఉంటుంది. హైదరాబాదు మనిషి. బురఖా పైభాగం వెనక్కి తోసుకుంటూనే నేల మీది పెట్టెను చూసింది.

"టీసీ తీసుకుంటున్నరంట, నిజమేనా ఆపా? నా క్లాసుల ఫస్టు పిల్ల అది. గట్లెట్ల తీస్కపోతరు?"

వజీరాబీ జరిగినదంతా చెప్పింది. టీచర్ మొదట బురఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అర్రే అల్లా! గిట్లయిందా!" అని మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమైంది టీచర్?"

"నన్ను గూడ అడిగిందామె. 'యు హావ్ నో ట్రైనింగ్ ఫర్ దిస్?' అని." టీచర్ గొంతు సన్నబడింది. "నాకు రోషమొచ్చి నో మేడమ్ అన్న. బి.ఎడ్. చేసిన కదా నేను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టీచర్‌కు ఏ శిక్షణా లేదని రిపోర్టులో ఉంది. ఆ మాట విన్న రోజు మీటింగులో వెనక వరుసలో టీచర్ తల ఎత్తలేదు.

"ఇంకేం? రేపు పొద్దున పోయి చెప్తాను. మిసెస్ వెబ్ రేపు మధ్యాహ్నందాకా ఉంటుందంట. మీ మీద పడిన మాటా పోతుంది."

టీచర్ సంతోషించలేదు. టీ కప్పు కిందపెట్టి, దాని చెవిని అటూ ఇటూ తిప్పింది.

"చెప్పకుండ్రి ఆపా."

"ఎందుకు?"

"చెప్తే ఏమంటరు? రెండేండ్ల సంది పిల్లలకు యెస్సు, నో నేర్పలే నువ్వు అంటరు. వాళ్ళు తప్పు పలుకుతుండ్రు అంటే అది యాడికెళ్ళి వచ్చింది? నా నోటికెళ్ళే. నేనే గట్ల మాట్లాడుత కదా."

అది నిజం. నిజమని టీచర్‌కూ తెలుసు కాబట్టి, కాదని ఓదార్చడం అవమానించినట్టే అవుతుంది.

"నా వీసా బడిదే. నాకు పూచీ ఉన్న కఫీల్ వాళ్ళే. వాళ్ళు పొమ్మంటే నేను విమానం ఎక్కుడే. క్లాసు మూసేస్తె కనీసం వేరే క్లాసుకు మారుస్తమన్నరు ప్రిన్సిపాల్ సాబ్. నాకు రాదని తేలితే గదీ ఉండది."

"మూసేస్తే నా పిల్ల పోతుంది టీచర్."

"ఎరుకే."

ఏసీ ఆగి, మళ్ళీ మొదలైంది.

"సరే, చెప్పుండ్రి" అంది టీచర్ చివరికి. "పిల్ల సంగతి చెప్పుండ్రి, మీ సంగతి చెప్పుండ్రి. నా పేరు మాత్రం తియ్యకుండ్రి. మాటియ్యి ఆపా."

"తియ్యను."

ఆ మాట చాలా తొందరగా వచ్చింది. టీచర్ మెట్లు దిగిపోయాక, ఎట్లా తియ్యకుండా చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టింది వజీరాబీ.

సాయంత్రం మీరా హుస్సేన్ అంతా విన్నాడు. మఫ్రఖ్‌లో కంపెనీ స్టోరు చూసే మనిషి, అరల్లో సామాను వెతికినట్టు ఒక్కొక్క మాటనే వెతికి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

"అయితే ఆమె చెవిటిది కాదు."

"కాదు."

"ఇది కాదు నోనా, లేదు నోనా?" అన్నాడు. వారం రోజుల తర్వాత ఆయన ముఖం మీద నవ్వు చూసింది. అది ఎంతోసేపు ఉండలేదు. "సరే. రేపు ఇద్దరమూ పోదాం. చెప్పు. వాళ్ళు వింటే ఈ పెట్టె ఎత్తి బీరువా మీద పెడతా. వినకుంటే ఆడికాడనే టీసీ. మళ్ళా నాతో కొట్లాడకూడదు."

"సరే."

"ఒకటి అడుగుతా. ఆ టీచర్ ఇది నేర్పలేదా పిల్లలకు?"

వజీరాబీ గౌన్లు మడత పెడుతూ ఉండిపోయింది.

"నిన్నే అడుగుతున్నా."

"అన్నం పెడతాను, రండి" అంది.

శనివారం పొద్దున బడి వ్యాన్‌లోనే ముగ్గురూ ఎక్కారు. డ్రైవర్ లింబాద్రి నిజామాబాదు వైపు మనిషి.

"యల్లా, ఎక్కుండ్రి. ఏందమ్మా షహజాదీ, సప్పుడు లేదు? రోజూ ఇంగ్లీషుల నా చెవులు కొరికేదానివి. ఇయ్యాల పరీచ్చనా?"

"నో" అంది షహజాదీ. వెంటనే తల్లివైపు తిరిగి, "మా, కాదు నో" అని చిన్నగా చెప్పింది.

"షాజూ, లోపల నేను మాట్లాడతా. నిన్నేమన్నా అడిగితే యెస్ అనొద్దు, నో అనొద్దు. నిండు వాక్యం చెప్పు."

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

దారి పొడుగునా వజీరాబీ మనసులో వాక్యాలు పేర్చుకుంది. ఐ మెంట్ అని మొదలుపెట్టాలి. వెన్ యు ఆస్క్‌డ్ అనాలి. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో పేర్చి, చెరిపి, మళ్ళీ పేర్చింది. జైబున్నీసా అనే పేరు ఎక్కడా రాకుండా చూసుకుంది.

ప్రిన్సిపాల్ కురియన్ గది చల్లగా ఉంది. మిసెస్ వెబ్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. వాళ్ళను చూసి ఆ రోజు మాదిరే నవ్వింది. మీరా హుస్సేన్ నిలబడే ఉన్నాడు. టీసీ అడగడానికి వచ్చినవాడు కూర్చోకూడదని అనుకున్నట్టున్నాడు.

వజీరాబీ చెప్పింది. అనుకున్నదానికంటే బాగానే చెప్పింది. ఒకటి రెండుచోట్ల తడబడింది గానీ ఆగలేదు. ఆ రోజు మీరు అభ్యంతరం లేదా అన్నారు, మా భాషలో కాదు అంటే మీ మాట తప్పు అని అర్థం, నేను చెప్పింది అదే, నా కూతురు చెప్పిందీ అదే, అంది.

మిసెస్ వెబ్ పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. ముఖం కొంచెం ఎర్రబడింది.

"అందరు పిల్లలూ అంతేనా?" అని ఇంగ్లీషులో అడిగింది, ఎక్కువ తనను తానే అడుగుతున్నట్టు. షహజాదీ వైపు వంగి, నీ పెద్ద క్లాసులో ఇప్పుడు ఏ పాఠం జరుగుతోంది, చెప్పు అంది. షహజాదీ ఒంటెల గురించిన పాఠం మొదటినుంచీ చెప్పుకుంటూ పోయింది. ఒంటె మూపురంలో నీళ్ళుండవు, కొవ్వు ఉంటుందని చెప్పి, మా నాయనకు కూడా ఈ సంగతి తెలియదు అని కలిపింది. మిసెస్ వెబ్ నవ్వేసింది. అన్నీ నిండు వాక్యాలే. వజీరాబీ భర్త వైపు చూసింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ కుర్చీ చప్పుడుకే ఆమె గుండె సగం కుదుటపడింది.

కురియన్ మాత్రం నవ్వలేదు. బెల్లు కొట్టి, జైబున్నీసా టీచర్‌ను పిలవమన్నాడు.

"మిసెస్ హుస్సేన్, మీ మాట నమ్ముతాను" అన్నాడు ఆయన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాట విడదీస్తూ. "కానీ నేను పైవాళ్ళకు జవాబు చెప్పాలి. రెండేళ్ళు నేర్పినా పిల్లలకు యెస్, నో రాలేదంటే ఆ క్లాసు దండగ. మూసేయడమే సరి. నేర్పనే లేదంటే తప్పు క్లాసుది కాదు, మనిషిది. అప్పుడు క్లాసు ఉంటుంది. పిల్లల్ని మళ్ళీ పరీక్షించవచ్చు."

ఎవరిని తీసేయవచ్చో ఆయన చెప్పలేదు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. టీచర్ లోపలికి రాలేదు. గుమ్మంలోనే, చాక్‌పీసు పొడి అంటిన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. ఆఖరి మాటలు ఆమె విన్నట్టే ఉంది. ఆమె కళ్ళు వజీరాబీని వెతికి పట్టుకున్నాయి.

మిసెస్ వెబ్ మెల్లగా, దయగానే అడిగింది.

"సో, మిసెస్ హుస్సేన్, ది టీచర్ హాజ్ నాట్ టాట్ దెమ్ దిస్?"

టీచర్ ఇది నేర్పలేదన్నమాట.

నిండు వాక్యం చెప్పాలి. వజీరాబీ వెతికింది. నేర్పలేదు అంటే ఇచ్చిన మాట పోతుంది. నేర్పింది అంటే పిల్ల పోతుంది. దారంతా పేర్చుకున్న వాక్యాల్లో ఇది లేదు. పక్కన మీరా హుస్సేన్ కుర్చీలో కదిలాడు. లేవడానికి కదిలినట్టే ఉంది.

అప్పుడు ఆమెకు ఒకటి తట్టింది. రెండిటికీ సరిపోయే మాట ఒకటుంది. గుమ్మంలో మనిషి దాన్ని ఒకలా వింటుంది. కిటికీ దగ్గరి మనిషి ఇంకోలా వింటుంది. ఇన్ని రోజులు తన కొంప ముంచిన మాటే.

"నో" అంది వజీరాబీ.

గుమ్మంలో టీచర్ ముఖం విచ్చుకుంది. చేతులు వదులయ్యాయి. కిటికీ దగ్గర మిసెస్ వెబ్ తల ఊపి, పెన్ను మూత తీసి, రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ రాత వైపు చూసిన టీచర్ నవ్వు పెదవుల మీదే నిలిచిపోయింది.

వజీరాబీ తల తిప్పుకుంది.

ఆమె కొంగు పట్టుకుని షహజాదీ లాగింది. రహస్యం అనుకుని, గదిలో అందరికీ వినబడేట్టు, తెలుగులో అడిగింది.

"మా, అది కాదు నోనా, లేదు నోనా?"